గుడ్డి వైడూర్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ చెడు జరిగినా అందరూ ముందు నా మొహం చూసేవారు. కట్టేసిన గేదె చచ్చిపోయినా, తవ్విన బావిలో నీళ్ళు పడకపోయినా నేనే గుర్తొచ్చేదాన్ని. నేను పుట్టింది మూలా నక్షత్రంలోనట, తండ్రికి గండమట. నాకు ఊహ తెలిసేనాటికే ఆ మాట మా ఇంట్లో ఉప్పూ కారంలా వాడుకలో ఉంది.

మాది హత్నూర దగ్గర పల్లె. పొలం ఉన్నా నాన్న పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీకి పనికి వెళ్ళేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా మిషన్‌లో పడి ఆయన కుడిచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి. ఆ మిషన్ మీద చెయ్యి పడకుండా ఉండాల్సిన అడ్డురేకు ఊడిపోయి చాలా రోజులైందని తోటివాళ్ళు చెప్పుకున్నారు. మా నానమ్మకు ఆ రేకు కనబడలేదు, నేను కనబడ్డాను.

నాన్నను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజే నన్ను ఇంట్లోంచి పంపేశారు. పంతులుగారు వైడూర్యం పెట్టించమన్నారట. అది నా ఒంటిమీదకు వచ్చేదాకా నేను నాన్న కంట పడకూడదని నానమ్మ తీర్మానించింది. అమ్మ ఏడ్చిందే తప్ప ఎదురు చెప్పలేదు. నన్ను తీసుకుపోవడానికి మా మేనత్త వచ్చింది. ఆమె నాన్నకు అక్క, పటాన్‌చెరులోనే కిరాయి గదిలో ఉండేది. రాయి కొనే పని కూడా నానమ్మ ఆమెకే అప్పగించింది. దాన్ని నా చేత్తోనే ఏరాలని పంతులుగారు చెప్పారట కాబట్టి నన్నూ వెంటబెట్టుకుని సిటీకి బయలుదేరింది.

బస్సులో నేను అత్తను అడిగింది ఒక్కటే, నాన్నను ఎప్పుడు చూడొచ్చని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు నూరింది. కోపం నామీదేమో అనుకుని ముడుచుకుని కూర్చున్నాను.

చార్మినార్ వెనక సందుల్లో తయారైన వైడూర్యాలు ఉన్నాయి గానీ అవి మా తాహతుకు అందేవి కావు. అందుకని అత్త ముడిరాళ్ళు అమ్మే అతని ముందు కూర్చుంది. పాత దుప్పటి మీద కుప్ప పోసిన ఆ రాళ్ళు పగలగొట్టిన బెల్లం ముక్కల్లా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. అత్త దాన్ని నీళ్ళలో ముంచి, ఎండకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, బేరమాడి, వద్దని లేచి వెళ్ళిపోయి, సందు చివరి నుంచి మళ్ళీ వచ్చి కొన్నది.

పక్క సందులోనే సాన పట్టే ముసలాయన ఉన్నాడు. ఆయన రాయిని వెలుగుకు పట్టి చూసి, లోపల సన్నని పీచు ఉందన్నాడు. ఆ పీచు అడ్డంగా పడుకునేట్టు కోసి పైన గుండ్రంగా సాన పడితే పిల్లి కన్నులా గీత మెరుస్తుందట. పీచు నిలువుగా నిలబడేట్టు కోస్తే ఎంత సాన పట్టినా మెరవదట. అత్త చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత రాయిని రెండు చేసి ఒకదాన్ని అలా, ఇంకోదాన్ని ఇలా కోయమంది. ఆయన ఆశ్చర్యపోయి, మంచి రాయి ఖరాబ్ అవుతుందని నచ్చజెప్పబోయాడు.

“కానియ్ చాచా. నాకు గుడ్డిది గూడ గావాలె,” అంది అత్త.

రాళ్ళు చేతికొచ్చేదాకా నేను అత్త గదిలోనే ఉన్నాను. ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా నాన్న చెయ్యి గుర్తొచ్చి చెవులు మూసుకునేదాన్ని.

మేము ఊరికి వెళ్ళేసరికి నానమ్మ గడపలోనే కూర్చుని ఉంది. అత్త రెండు రాళ్ళూ ఆమె అరచేతిలో పెట్టింది. నానమ్మ వాటిని ఎండకు తిప్పింది. ఒకదానిమీద తెల్లని గీత కదిలింది. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, రెండోది ఉట్టి రాయని వాకిట్లోకి విసిరేసింది.

“రెండూ ఒక్క రాయే అమ్మా. పిల్ల తన చేత్తోటి ఏరిందే. కోసెటాయన ఎట్ల వట్టుకుంటే గట్ల అయినయి,” అంది అత్త. “పోరిని గూడ మీరు గట్లనే వట్టుకున్నరు.”

నానమ్మ మొహం గంటుపెట్టుకుంది. అవన్నీ తనకు తెలియవని, ముందు రాయి కట్టి తర్వాతే నన్ను లోపలికి పంపాలని పట్టుబట్టింది. అత్త ఆమెతో ఇక వాదించలేదు. నా వైపు తిరిగింది.

“నాయిన లోపలున్నడు. పోతవా కోడలా, గా రాయి లేకుంటనే?”

నేను చూస్తే నాన్న నిజంగానే చచ్చిపోతాడేమోనన్న భయం నాలోనూ ఉంది, రోజూ వింటే ఉండదా మరి. వాకిట్లోకి వెళ్ళి, మట్టిలో పడ్డ గుడ్డి రాయిని తీసుకున్నాను. దాన్ని పిడికిట్లో బిగించి, నానమ్మ చాచిన కాళ్ళను దాటి లోపలికి వెళ్ళాను.

నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా అడుగులు విని ఇటు తిరిగాడు.

“గిన్నొద్దులు యాడికి వోయినవ్ బిడ్డా?” అంటూ, చేతికి కట్టుందని మరిచిపోయి ఆ చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

ఆ వేళ్ళు తిరిగి రాలేదు. నేను చూసినందుకు మిగతావి పోనూ లేదు. నాన్న నా పెళ్ళి చేసి, నా పిల్లల పెళ్ళిళ్ళు చూసి, నిండు ముసలితనంలో పోయాడు. ఆ గండం ఏ దారిలో తప్పిపోయిందో నాకు తెలియదు. మెరిసే రాయిని నానమ్మ ఊరికే పోవడమెందుకని ఉంగరం చేయించుకుని తనే పెట్టుకుంది.

మొన్న సుల్తాన్‌పూర్‌లో ఉండే మా అబ్బాయికి ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల వేడుకకు వచ్చినవాళ్ళు ఫోన్‌లో జాతకం తీసి, మూలా నక్షత్రమని గొంతు తగ్గించారు. శాంతి అయ్యేదాకా ఇక తండ్రి చూడకపోతే మంచిదని ఒకావిడ అంది. నా ఒళ్ళు మండింది. వాడిని కేకేసి పిలిచి, అందరి ముందే బిడ్డను వాడి చేతుల్లో పెట్టాను.

కాసేపటికి మా వియ్యపురాలు నా వేలికున్న మెరవని రాయిని చూసి, అది ఏ గ్రహానికి పెట్టుకున్నానని అడిగింది.

మా మేనత్తకు, అన్నాను.