మిషన్ పెట్టని ఫిజియో సాబ్

మధురానగర్‌లో మా సందు చివర ఉండే ఫిజియో సాబ్ మొన్న పోయారు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని కాలనీవాళ్లు అడిగారు. ఆయనంటే నాకు ఒళ్లుమంట. పోయారు కదా అని దేవుణ్ణి చేసి రాయడం నా వల్ల కాదు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. రెండేళ్ల కిందట కుడి భుజంలో, కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్ దెబ్బతింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చాలన్నారు డాక్టర్లు. కానీ బోర్డు పైవరుసకు చెయ్యి లేవకపోతే నా ఉద్యోగం ఉండదు.

సాబ్ దగ్గర వేడి కాపడం లేదు, కరెంటు పెట్టడం లేదు. నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్ మిషన్ మూలన పడి ఉండేది, దాని మీద ఆయన టోపీ ఉండేది. తలుపు గడియకు రబ్బరు పట్టీ కట్టి లాగమనేవారు. ప్రాణం పోతోందన్నా వినరు.

"మిషన్ పెడితే నొప్పి జర పండుకుంటది మేడం. బలం రాదు."

మీకు మిషన్ నడపడం రాదేమో అని మొహం మీదే అనేసి, పంజాగుట్టలో ఏసీ క్లినిక్‌లో చేరాను. పది సిట్టింగులు. జెల్ రాసి, టకటకా కొట్టే మిషన్ పెట్టేవాళ్లు. అప్పటికి హాయి, సాయంత్రానికి మళ్లీ మామూలే. ఇంట్లో మాత్రం, ఆయన ఇచ్చిన పట్టీ దండగని తేల్చాలనే కసితో రోజూ లాగేదాన్ని. మూడు నెలలకు చెయ్యి పైవరుసకు అందింది. నేరుగా వెళ్లి, పేషెంట్లందరి ముందూ, ఇది మిషన్ చలవేనని చెప్పాను.

ఆయన కోప్పడలేదు. "పట్టీ లాగుడు బంద్ చేసిన్రా?" అన్నారు. లేదన్నాను.

"బంద్ చెయ్యకుండ్రి. పేరు మిషన్‌కే ఇయ్యుండ్రి, నాకేం ఫికర్ లేదు."

ఆ నింపాదికే మండిపోయాను. ఇంటికొచ్చి పట్టీ చెత్తబుట్టలో పడేశాను. నాలుగు నెలల్లో నొప్పి తిరిగొచ్చింది. మళ్లీ పది సిట్టింగులు తీసుకున్నా లాభం లేకపోయింది. ఆయన గడప పాతిక అడుగుల దూరం. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఆయన కంటబడకుండా పక్కసందులోంచి మెట్రోకి వెళ్లేదాన్ని. ఆయన్ని సోమాజిగూడ ఆసుపత్రిలో చేర్చారని తెలిసీ కదల్లేదు.

మొన్న ఆయన పోయాక వాళ్లింటికి వెళ్లాను. ఒక్కసారైనా నన్ను నోరారా తిట్టకుండా ఎలా పోయారని అప్పుడూ కోపమే వచ్చింది. ఆయన భార్య లేచొచ్చి, రెండు చేతులూ నా మెడకు చుట్టి ఏడ్చింది. నేను ఎడమచేత్తోనే ఆవిణ్ణి పట్టుకున్నాను. కుడిచెయ్యి లేవలేదు.