జివాదిన్ జర్మనీ కారు తలుపు

ఉగ్లేషా పెళ్లిలో జివాదిన్ అలిగి కారు దిగలేదట! ప్లమ్ సారా మొదటి గ్లాసు వేరేవాళ్లకి ఇచ్చారట! అందుకే పెళ్లి ఆగిందట! రొట్టెల కొట్టు దగ్గర ఈ మాట విని స్తనిక ముసలమ్మకి ఒళ్లు మండింది. అలకా, పాడా! పెళ్లికొడుకు ఆవిడ మనవడే. ఆ రోజు కారు అద్దానికి ముక్కు ఆనించి మరీ లోపలికి చూసింది ఆవిడే.

జివాదిన్ ముప్పై ఏళ్లు ఊళ్లోని కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించాడు. అక్కడ తయారైన చిన్న కారులోనే తిరిగాడు. అది చలికాలం మొరాయించేది, వానొస్తే కారేది. అయినా చెడితే పక్కింటివాడి స్పానరూ, మూరెడు ఇనుప తీగా చాలు, మళ్లీ కదిలేది. పింఛను మొదలయ్యాక ఆయనకి హోదా గుర్తొచ్చింది. ఆ కారుని ఉగ్లేషాకి అమ్మేసి, జర్మనీలో ఎవరో వాడి వాడి వదిలేసిన నల్ల కారు కొన్నాడు. అప్పట్నించి వీధిలో మనుషులు ఆయన కంటికి ఆనలేదు.

“ఏరా, మళ్లీ ఎర్ర దీపం వెలిగిందటగా నీ బండిలో?” అని స్తనిక కంచె మీంచి అడిగేది.

“అది చెడిపోవడం కాదు స్తనికమ్మా, ముందే హెచ్చరించడం. మన రేకు డబ్బాలకి అంత తెలివి ఏడ్చిందా?”

“హెచ్చరించినప్పుడల్లా మీ ఆవిడ పాత కోటే తిరగేసి కుట్టుకుంటోంది మరి!”

నిజమే. ఆ కారుకి ఒక్క గొట్టం మారిస్తే ఆయన భార్య రుజిత్సా తెచ్చే నెల సరుకులు సగానికి తగ్గేవి. ఆ డబ్బుతో పాత కారు ఏడాది తిరిగేది.

అలాంటివాడు ఉగ్లేషాకి కుమ్‌గా నిలబడ్డాడు. కుమ్ అంటే పెళ్లికి సాక్షి, తండ్రి తర్వాత తండ్రి. ఆయన వచ్చేదాకా చర్చిలో ఫాదరు నోరు విప్పడు. ఊరేగింపులో ముందు కదలాల్సింది కూడా ఆయన కారే. ఆ రోజు అద్దాలకి కుట్టుపని తువ్వాళ్లు కట్టి, కోటుకి రోజ్‌మేరీ రెమ్మ గుచ్చుకుని, కారెక్కి కూర్చున్నాడు జివాదిన్. పిల్లలు జిగట చేతులు పెడతారని మీట నొక్కి తలుపులన్నీ బిగించుకున్నాడు. అంతే, మళ్లీ తెరుచుకోలేదు. అద్దాలు దిగలేదు. ఇంజను దగ్గనైనా లేదు.

పాపం, హారన్ మోగించాడు. పెళ్లిలో హారన్ మోగిస్తే ఎవరు కంగారు పడతారు? వెనకున్న కార్లన్నీ అంతకంటే గట్టిగా మోగించాయి. బూరాలవాళ్లు ఆయన కారు చుట్టూ చేరి బుగ్గలు పగిలేలా ఊదారు. ఆయన లోపల చేతులు ఊపుతుంటే, కుమ్ గారు ఆడుతున్నారని బయట వీళ్లు గంతులేశారు! ఒకడైతే సారా గ్లాసు అద్దానికి తాకించి, “మీ ఆరోగ్యానికి కుమ్ గారూ!” అని తానే తాగేశాడు. చివరికి హారన్ కూడా మూలిగి ఊరుకుంది.

చర్చి నుంచి మూడుసార్లు ఫోను. ఇంకో పెళ్లివాళ్లు గుమ్మంలో కాచుకున్నారట, ఇప్పుడు రాకపోతే సాయంత్రమేనట. పెళ్లికూతురు ఏడుపు ముఖం పెట్టింది. కుమ్ ఎందుకు కదలడు? అప్పుడే స్తనిక వెళ్లి అద్దానికి ముక్కు ఆనించింది. లోపల జివాదిన్ ముఖం ఉడికించిన బీట్‌రూట్.

“ఓరి నీ దుంపతెగ! రుజిత్సా, రెండో తాళం తే!”

ఆ తాళంతో డిక్కీ ఒక్కటే తెరుచుకుంది. వెనక సీటు మడిచి, కుమ్ గారిని బంగాళాదుంపల బస్తాలా కాళ్లు పట్టి బయటికి లాగారు. తువ్వాళ్లు విప్పి ఉగ్లేషా పాత కారుకి కట్టారు. మొదటి తిప్పుకే దడదడలాడుతూ కదిలిందది. ఇంకో పెళ్లివాళ్లు లోపలికి అడుగుపెట్టబోతుండగా చర్చికి చేరారు.

ఇదీ జరిగింది. స్తనికకి ఒక్కటే అంతుబట్టలేదు. ఆదివారం ఆయన్ని కంచె దగ్గర పట్టుకుంది.

“చక్రాలు విప్పే ఇనుప కడ్డీ నీ ఒళ్లోనే ఉంది, నేను చూశాను. అద్దం పగలగొట్టి రావచ్చుగా? నా మనవడి పెళ్లి ఆగిపోయేదే!”

జివాదిన్ ఆవిడ్ని ఏమీ తెలియని పిల్లని చూసినట్టు చూశాడు.

“పెళ్లిదేముంది స్తనికమ్మా, సాయంత్రమైనా చేస్తారు. ఆ అద్దం జర్మనీ నుంచి రావాలి.”