మస్తాన్ సాబ్ చెప్పకుండా ఆపిన సగం

మా చిన్నప్పుడు సంగారెడ్డి సంత మైదానంలో డేరా వేసి సినిమా ఆడించేవారు... తెర పక్కన బల్ల మీద నిలబడి, రేకు భోంగా నోటికి పెట్టుకొని మస్తాన్ సాబ్ కథ చెప్పేవాడు. ఏ భాష సినిమా అయినా ఆయన నోట మన మాటల్లోకి వచ్చేది. అదీ ఒక ఉద్యోగమే అప్పట్లో...

నిన్న ఒక సినిమా గ్రూపులో కొత్తగా వచ్చిన పరాయిదేశపు సినిమా గురించి చర్చ. "సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్లు ప్రపంచ సినిమా జోలికి రావద్దు" అని ఒక మేధావి రాశాడు. కింద బోలెడు చప్పట్లు. నాయనా, ఆ మాట నీకంటే ముందు అన్నవాణ్ణి నేను. ఏం జరిగిందో విను...

ఒకసారి లారీలో డబ్బాలు మారి, కత్తియుద్ధాల సినిమాకు బదులు ఏదో ఐరోపా సినిమా వచ్చింది. హత్నూరలో రెండు రోజులు మస్తాన్ సాబ్ మాటలతో దాన్నే ఆడించి మా ఊరికి తెచ్చారు. పాట లేదు, యుద్ధం లేదు... ఒక తల్లి, జ్వరంతో ఉన్న కూతురు, ఎటు చూసినా మంచు. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు.

"కత్తులెప్పుడు దూస్తరు మస్తాన్ సాబ్?" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"జెర ఆగవయ్యా. పొద్దుగాల సంది ఆమె అన్నం తినలే. తిననియ్యి."

డేరా అంతా నవ్వింది. ఆ దొరసానికి లచ్చమ్మ అని పేరు పెట్టాడు, పిల్లకు బాలమణి. మంచును చూపించి "ఊరంతా సున్నమేసిన్రు" అన్నాడు... నమ్మేశాం.

నేను ఆడవాళ్ల వైపు, మా మేనత్త నర్సమ్మ పక్కన కూర్చున్నాను. ఆ ఎండాకాలమే ఆమె కూతురు మశూచితో పోయింది. ఆ తర్వాత అత్త గడప దాటడం అదే మొదలు. మా అమ్మ బతిమాలి తీసుకొచ్చింది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు... మస్తాన్ సాబ్‌కూ తెలుసు.

తెర మీద ఖాళీ మంచం. పక్కనే తల్లి. మస్తాన్ సాబ్ ఆగి, మా వైపు చూశాడు.

"బాలమణికి జరం తగ్గింది. అమ్మమ్మ ఇంటికి పోయింది. లచ్చమ్మకు పొద్దు పోతలేదు, గంతే."

నేను ఆ ఏడే హైదరాబాదు బడిలో చేరాను. నాకు ఇంగ్లీషు వచ్చని ఊరికి చూపించాలి... తెర అడుగున ఆ అక్షరాల వరుసలో నాకు తెలిసిన మాట ఒక్కటే, 'డెడ్'. లేచి నిలబడ్డాను.

"అబద్ధం చెప్తున్నడు. పిల్ల సచ్చిపోయిందని కింద రాసుంది."

అత్త ఏడవలేదు. "నాకెర్కనే బిడ్డా..." అంది మెల్లగా. "ఆయన చెప్తుంటే వినబుద్ధైంది."

మస్తాన్ సాబ్ బల్ల దిగి వచ్చి భోంగా నా చేతిలో పెట్టాడు. "చదువుకున్నోడివి బేటా. మిగిలింది నువ్వే చెప్పు."

నేను భోంగా ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయాను. మిగతా సినిమా మూగగా నడిచింది. ఆ రోజు తర్వాత మా ఊళ్లో ఆయన భోంగా పట్టలేదు. అత్త మళ్లీ డేరాకు రాలేదు...

నేను మాత్రం బాగా చదివాను. సినిమాల మీద వ్యాసాలు రాసి, అందరి తప్పులూ పట్టాను. ఇప్పుడు కళ్లకు నీటికాసులు... తెల్లాపూర్‌లో పన్నెండో అంతస్తులో కూర్చొని విదేశీ సినిమా పెట్టుకుంటే బొమ్మ మసక, అక్షరాలు చీమల బారు. ఇది కూడా ఫోనుకు నోటితో చెప్పి రాయిస్తున్నాను. సినిమాలో ఏమంటున్నారని మా మనవణ్ణి అడిగితే, "కింద సబ్‌టైటిల్స్ పడతాయి కదా తాతా" అంటాడు.

అన్ని సినిమాలకూ కింద అక్షరాలొచ్చాయి... పక్కన నిలబడి చెప్పే మనిషే లేడు.

హత్నూర వాళ్లెవరైనా ఇది చదువుతుంటే... మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే దయచేసి ఇవాళే అడగండి. మీ ఊళ్లో మస్తాన్ సాబ్ ఆ కథ చివరిదాకా చెప్పాడు. అసలు సినిమాలో ఏముందో నాకు అక్కర్లేదు. అక్కడా బాలమణి అమ్మమ్మ ఇంటికే పోయిందా, తిరిగి వచ్చిందా... ఆయన ఏమని చెప్పాడు?