పది అడుగుల అవతల మూడో తరగతి

అక్షరం కనబడితే చాలు, కళ్లు దాని వెంట పరుగెత్తే వయసు ఒకటి ఉండేది నాకు. అప్పుడు ఐదేళ్లదాన్ని. కుందుర్పి దగ్గరి మా పల్లెలో బొరుగులు కట్టిచ్చిన కాగితం మొదలుకొని బస్సు మీది బోర్డు దాకా దేన్నీ వదిలేదాన్ని కాదు. (నేను కాగితం చదివేలోగా మా అన్న బొరుగులు ఖాళీ చేసేవాడు.) బడిలో మాత్రం తోటిపిల్లలు ‘అ’ దిద్దుకుంటుంటే, పలక ఒళ్లో పెట్టుకుని, కురవకుండా సాగిపోయే మబ్బుల్ని కిటికీలోంచి చూస్తూ ఎక్కడికో వెళ్లిపోయేదాన్ని.

అమ్మకు బెంగ పట్టుకుంది. “బిడ్డ ఊరికే కూసోని వస్తాండాది. ఇట్లయితే వచ్చిన చదువు గూడా పోతాది. పోయి సారును అడుగు” అని నాయనను పోరింది. సంతకం తప్ప ఏమీ రాని ఆయనకు బడి గడప తొక్కాలంటేనే భయం. అయినా ఒకరోజు శెనక్కాయ చేనులో పని మానుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని బయల్దేరాడు.

“సార్, మా పాపను మూడో తరగతిలో ఎయ్యండి. ఒకటిలో దానికి పనేమీ లేదు.”

మా బడికి ఉన్నది ఒకటే గది, ఒకరే సారు. ఒకటో తరగతి కిటికీ పక్క, మూడో తరగతి ఎదురు గోడ పక్క. నాయన అంత భయపడుతూ అడిగింది నన్ను పది అడుగుల అవతల కూర్చోబెట్టమని! సారు నవ్వలేదు. మూడో తరగతి పుస్తకం తెరిచి సముద్రం పాఠం చూపించాడు. గడగడా చదివేశాను. నాయన మొహం వెలిగిపోయింది.

“బాగా చదివినావు. సముద్రమంటే ఏందమ్మా?”

“మా చెరువే సార్. నీళ్లుంటే.”

మూడో తరగతంతా గొల్లున నవ్వింది. నాయన తల వంచుకుంటాడనుకున్నాను. ఆయన ఒక అడుగు ముందుకేశాడు. “నవ్వొద్దండప్పా. మీలో ఎవురు చూసినారు? నేనూ చూడ్లేదు.”

“నేను గూడా చూడ్లేదప్పా” అన్నాడు సారు మెల్లగా. తర్వాత, “పాపను ఒకటిలోనే ఉండనీ. తోటిపిల్లలతో ఆడుకోవాల గదా. పుస్తకాల పెట్టె మాత్రం దానికి తెరిచిపెడతా” అన్నాడు.

తిరుగుదారిలో నాయన అడిగాడు. “సారూ చూడ్లేదంట, నేనూ చూడ్లేదు. నువ్వన్నా చెప్పు పాపా, అదెట్లుంటాదో.”

దారి పొడుగునా చెప్పాను. సముద్రానికి ఒకటే గట్టుంటుందనీ, రెండోది కట్టడం మరిచిపోయారనీ, మధ్యాహ్నం పూట అదీ కాసేపు పడుకుంటుందనీ. ఆయన “అవునా!” అంటూ ఒక్కో మాటా నమ్ముతూ నడిచాడు.

ఒక్క ముక్క తెలియకుండా అంత ధీమాగా చెప్పుకుపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇన్ని పుస్తకాలు చదివాక, అంత తియ్యగా కోతలు కోసేందుకు నాకిప్పుడు ధైర్యం చాలదు.