మా గిన్నెలో ఉప్పు

నా చిన్నప్పుడు మేము నాచారంలో రేకుల గదిలో ఉండేవాళ్లం. దారం మిల్లు మూతపడి పని పోయాక, మా అమ్మ ఉప్పల్ వైపున్న ఒక మందుల పరీక్ష కేంద్రంలో చేరింది. కొత్త మాత్రలు మింగాలి, నెత్తురు ఇవ్వాలి, పరీక్ష ముగిసేదాకా లోపలే ఉండాలి. అన్నిటికీ ఒప్పుకునే వెళ్లింది.

మర్నాడు సద్దిగిన్నెలో పులిహోర పట్టుకుని నాయనమ్మ, నేను చూడబోయాం. బయటి తిండి లోపలికి రానివ్వరని మాకు తెలియదు. కిటికీ ఊచల వెనక అమ్మ ముఖం పాలిపోయి ఉంది. మొదటి మాత్రకే కళ్లు తిరిగి పడబోయిందట. సాయంత్రం రెండోది మింగాలి. భయంతో నా వేళ్లు పట్టుకుని వదల్లేదు.

"ఇంటికి పోదాం దా అమ్మా," అన్నాను.

"ఎట్ల వస్త బిడ్డా? నిన్నటిసంది వీళ్ల అన్నం తింటున్న. ఉప్పు తిని నడుమల లేసిపోతే దేవుడు మెచ్చుతడా?"

నాకు అక్షరాలతో పాటు ఆ ఉప్పు మాటను కూడా ఇంట్లోనే నేర్పిన నాయనమ్మ తల దించుకుంది. తలుపుకు తాళం లేదు. అయినా అమ్మ అటు చూడనైనా చూడలేదు.

అటుగా వచ్చిన డాక్టరమ్మ ఇదంతా వింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనరని నెమ్మదిగా చెప్పింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ బయటికొచ్చి మా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"గిన్నెల ఏముంది అవ్వా? జర నాకు పెట్టు. పొద్దటిసంది ఏం తినలే."

నాయనమ్మ కంగారుగా గిన్నె మూతలోనే పెట్టింది. డాక్టరమ్మ మెతుకు మిగల్చకుండా తిని, కిటికీ వైపు తిరిగింది.

"అక్కా, ఇప్పుడు నేను గూడ మీ ఉప్పు తిన్న. ఇంక నిన్ను ఆపితే పాపం నాదే. చెప్పులేసుకో."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. కళ్లు తిరగడం తగ్గేదాకా కనిపెట్టుకుని ఉండి, మళ్లీ అట్లయితే చూసుకునే పూచీ తమదేనని చెప్పి, డాక్టరమ్మే మా ముగ్గురినీ ఆటో ఎక్కించింది.

దీపం పెట్టేటప్పుడు ఆ డాక్టరమ్మను తలుచుకోని రోజు లేదు. మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లను ఆ పూట నేను ఏ సాయమూ అడగను. అవసరమైతే మర్నాడు వాళ్ల గుమ్మానికే వెళ్లి అడుగుతాను. కాదనాలంటే వాళ్ల కాళ్లు వాళ్ల నేల మీద ఉండాలి కదా.