ఎడమ పక్క మిగిలింది

విమానంలో చిన్నాయన పక్క సీటు ఖాళీగా వచ్చింది. అది అన్నయ్య సీటు. బ్లేడ్ల కంపెనీ వాళ్ల లక్కీ డ్రాలో సెలూన్‌కు తగిలిన బహుమతి: ఇద్దరికి విదేశీ నగరంలో నాలుగు రోజులు, ఖర్చంతా కంపెనీదే. సెలూన్లో కుర్చీలూ రెండే. ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. అన్నను ఊరంతా పెద్దాయన అంటుంది. తమ్ముడు యాభై దాటి, పళ్లు రెండు ఊడినా ఇంకా చిన్నాయనే.

సెలవు రోజున షట్టర్ సగం దించి అన్నదమ్ములు ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకోవడం వాళ్ల నాన్న పెట్టిన అలవాటు. పరాయి చేతికి తల అప్పజెప్పి ఎరుగరు. ప్రయాణం ముందు అలాగే కూర్చున్నప్పుడు, తన తల కుడి పక్క పూర్తయ్యాక, చిన్నాయన నోరు ఊరుకోలేదు.

"అన్నయ్యా, నీ చెయ్యి వణుకుతోంది. కత్తెర ఇక చాల్లే, మిషన్ పట్టు."

పెద్దాయన కత్తెర బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు గానీ మాటల్లేవు. ప్రయాణానికి రానన్న సంగతి కూడా వదినతో చెప్పించాడు. చిన్నాయన ఎడమ పక్క జుట్టు చెవి మీదికి దిగింది. తెలియనివాళ్లు కొత్త ఫ్యాషన్ కాబోలనుకున్నారు.

ఆ నగరంలో మేడలు ఎలా ఉన్నాయంటే చిన్నాయన చెప్పలేడు. తలెత్తి చూస్తే మెడ పట్టేసింది, మానేశాడు. ఆయన చూసినవి జనం మెడలు. డ్రైవర్ లేని రైల్లో అందరూ ఫోన్లలోకి తలలు వంచుకుని నిలబడితే, ఆ వరసంతా తన దగ్గరికి క్షవరానికి వచ్చినట్టే ఉండేది. ఎవరి మెడ మీదా అదనంగా ఒక్క వెంట్రుక లేదు. "అబ్బ, ఏం పనితనం అన్నయ్యా!" అని పైకే అనేసి పక్కకు తిరిగేవాడు. పక్కన కోటు వేసుకున్న పెద్దమనిషెవరో ఒక అడుగు దూరం జరిగేవాడు.

హోటల్ గదిలో రెండు మంచాలు, రెండు తువ్వాళ్లు, రెండు జతల చెప్పులు. రెండో జతను రోజూ ఎవరో మంచం ముందు తిన్నగా పెట్టి వెళ్లేవారు. అది చూస్తే చిన్నాయనకు చిరాకేసేది. చిరాకని తను అనుకున్నాడు, నిజానికి దిగులు.

చివరి రోజు ఒక సెలూన్ కనిపిస్తే, చూసి పోదామని లోపలికి వెళ్లాడు. వెళ్లగానే కుర్చీలో కూర్చోబెట్టేశారు. బార్బర్ తల మీద చెయ్యి వేయకముందే చిన్నాయన అలవాటుగా తల వంచి ఇచ్చాడు. ఇతనూ మన పనివాడేనని గ్రహించి బార్బర్ నవ్వాడు. ఎడమ పక్క చూసి మాత్రం నవ్వు ఆపి, కత్తెర అందుకున్నాడు. అద్దంలో ఆ చెయ్యి కొంచెమైనా కదలడం లేదు. బంగారం లాంటి చెయ్యి. ఇంకో నిమిషం ఊరుకుంటే ఎడమ పక్క కుడికి సరిపోయేది. ఊళ్లో దిగాక అన్నయ్య ఆ తల చూసేవాడు, ఇక తన కత్తెరతో పనిలేదని తమ్ముడు తేల్చేశాడనుకునేవాడు.

చిన్నాయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు బాబూ."

భాష రాకపోయినా అతనికి అర్థమైంది. చిన్నాయన తన గడ్డం చూపించి, అది గీయించుకుని బయటపడ్డాడు.

ఊళ్లో దిగింది సెలవు రోజే. సెలూన్ షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరితే, పెద్దాయన ఖాళీ కుర్చీని తుడుస్తున్నాడు. చిన్నాయన సంచి దించి అందులో కూర్చున్నాడు. పెద్దాయన ఆ ఎడమ పక్కను చాలాసేపు చూశాడు.

"అంత పెద్ద ఊళ్లో ఒక్క కత్తెర దొరకలేదురా?"

"దొరికింది."

పెద్దాయన గుడ్డ కప్పి, జుట్టు తడిపి, మొదలుపెట్టాడు. చెవి దగ్గరికి వచ్చేసరికి కత్తెర జారింది. చురుక్కుమంది.

"తెగిందా?"

తెల్ల గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. చిన్నాయన కింద నుంచి వేలితో గుడ్డను లాగి, ఆ చుక్కను మడతలోకి దాచేశాడు.

"లేదన్నయ్యా. నువ్వు కానీ."