సదానందం దాటేసిన పద్యాలు

సదానందానికి కోపం వస్తే మాటలు తగ్గిపోతాయి. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని అన్నది ఒక్కటే.

"తాళం తియ్యి."

కూతురు తిరుమల వడ్డిస్తూనే తల అడ్డంగా ఊపింది. "జమునకు పన్నెండేండ్లు నిండినంక తీస్త బాపు. అప్పటిదాక గా పాత కావ్యాలు పెట్టెలనే ఉంటయ్."

"పన్నెండని ఎవలు చెప్పిండ్రు?"

"ఇంట్ల చదువు చెప్పే తల్లులం గ్రూపుల మాట్లాడుకున్నం. ఇప్పుడు బొమ్మల కథలు, పదేండ్లకు నీతికథలు, పన్నెండుకు పద్యాలు."

"పసిపిల్లకు ఏ నెలకు అన్నం, ఏ నెలకు గుడ్డు అని రాసుకున్నట్టున్నది!"

మనవరాలు జమునకు తొమ్మిదేళ్ళు. దమ్ము జబ్బు ఉంది. బొగ్గు లారీల దారిన ఆటోలో బడికి వెళ్ళొస్తే ఊపిరి ఈల వేసేది. కిందటేడు బడి మాన్పించి తిరుమలే ఇంట్లో చదువు చెబుతోంది. పెళ్ళికి ముందు జ్యోతినగర్‌లో టీచరుగా చేసిన మనిషి. గోదావరిఖనిలో ఉన్న ఈ క్వార్టరు అల్లుడు నర్సింగానిది. బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. రిటైరయ్యాక సదానందం ఇక్కడే ఉంటున్నాడు, ఒక ఇనుప పెట్టెడు పుస్తకాలతో. ఆ పెట్టెకే మొన్న తిరుమల తాళం వేసింది. తను కూరగాయలకు వెళ్ళినప్పుడల్లా తాత చాటుగా పద్యాలు చదివి వినిపిస్తున్నాడని, జమున కాళ్ళు కడుక్కుంటూ నాలుగు పద్యపాదాలు అప్పజెప్పేదాకా ఆమెకు తెలియదు.

వయసు మాట వింటే సదానందానికి ఒళ్ళు మండుతుంది. కమాన్‌పూర్ బడిలో పదేళ్ళప్పుడు అతని చేతిలోంచి ఒక పద్యాల పుస్తకం లాక్కుని పంతులు బీరువా మీద పెట్టాడు. "ఇది నీకేం సమజైతదిరా, ముందు ఎక్కాలు నేర్చుకో" అన్నాడు. సదానందం నమ్మాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా అలాంటి పుస్తకం ముట్టలేదు. ఆ తర్వాత బొగ్గు బాయిలో, భూమి కింద నీళ్ళు తోడే పంపు దగ్గర డ్యూటీ చేస్తుండగా, తోటి కార్మికుడు అస్గర్ పాత సామాన్ల దుకాణంలో దొరికిన కావ్యం ఒకటి చొక్కాలో దాచి తెచ్చాడు. "నాకు తెలుగు చదువరాదన్నా, నువ్వు చదువు, నేను వింట" అన్నాడు. టోపీ దీపం వెలుగులో ఇద్దరికీ సగం అర్థం కాలేదు. అయినా ఆ నడకకు అస్గర్ తొడ మీద తాళం వేశాడు. ఇరవై నాలుగేళ్ళు తన నుంచి ఎత్తుకుపోయాడని ఆ పంతులును సదానందం ఈ రోజుకీ క్షమించలేదు.

"నువ్వు సుత గా పంతులు లెక్కనే తయారైనవ్" అన్నాడు.

తిరుమల గరిటె గిన్నెలో విసిరింది. "నన్ను పంతులుతోని పోల్చకు. నువ్వు జమునకు చదివిన పుస్తకంల ఏమున్నదో నాకు తెల్వదా? రాజు అనుమానపడి రాణి జుట్టు కోయించి కోట బయటికి గెంటిస్తడు. ఎనిమిది పద్యాలు, ఒక్కొక్కటి తిట్లపురాణం. గవి ఆడపిల్లకు చెప్తవా?"

"గవి చదువలేదు. దాటిచ్చిన. రాజు వేటకు పోయిండని చెప్పిన."

గర్వంగానే అన్నాడు. తలుపు వెనక నుంచి జమున దూసుకొచ్చింది.

"మరి రాణికి జుట్టెందుకు లేదని నేనడిగితే జ్వరమొచ్చి ఊడిందన్నవ్!"

"జ్వరమా?" తిరుమలకు ఆ కోపంలోనూ నవ్వు తన్నుకొచ్చింది.

"అబద్ధాలాడినవ్ తాతా! నీతోని మాట్లాడ!" పిల్ల ఊపిరి ఈల వేసింది. తిరుమల మందు పీల్పించింది. ఎగిసిపడే ఆ చిన్న రొమ్మును చూస్తూ సదానందం కంచం పక్కకు నెట్టాడు.

బాయిలో ఎక్కడ పనికి నిలబడ్డా ముందు కడ్డీతో పైకప్పు తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే ఆ కింద నిలబడకూడదు. తట్టకుండానే "బాగుంది" అన్న ఒక కుర్రవాణ్ణి అందరి ముందూ బండబూతులు తిట్టాడు ఒకప్పుడు. ఆ ఎనిమిది పద్యాలు దాటేసి, డొల్లగా ఉన్న చోటే తను పిల్లను కూర్చోబెట్టి బాగుందన్నాడు. పంతులు మీద ఇన్నేళ్ళుగా కాచుకున్న కోపం ఇప్పుడు తన వైపే తిరిగితే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నాదే బిడ్డా" అన్నాడు.

"అయితే గవి చదువు" అంది జమున, ఇంకా రొప్పుతూనే.

తిరుమల మందు డబ్బా పక్కన పెట్టింది. కొంగున ముడేసిన తాళంచెవి విప్పింది. "చదువు. నా ముందట చదువు. ఒక్కటి దాటిచ్చినా పుస్తకం గుంజుకుంట."

మూడో పద్యం దగ్గర జమున అరచెయ్యి పేజీ మీద పెట్టేసింది. "ఆగు. కొలువుల అంతమంది ఉన్నరు గదా, ఒక్కడు సుత రాజును అడుగలేదా?"

"అడుగలే."

"ఎందుకు?"

"భయం" అన్నాడు సదానందం.

"భయం కాదు, వాళ్ళకది తప్పనిపియ్యలే" అంది తిరుమల. అక్కడి నుంచి ముగ్గురి గొంతులూ లేచాయి. నాలుగో పద్యానికి వెళ్ళనేలేదు. ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన నర్సింగం బూట్లతోనే గడపలో ఆగిపోయాడు.

"ఏందే, ఎవలి మీద గింత కోపం?"

"రాజు మీద" అంది జమున. "అటెనుక తాత మీద."